నిప్పురవ్వ లేకుండానే గనిలో మంట

భూగర్భ బొగ్గు గనిలో మంట పుట్టడానికి అగ్గిపుల్ల అక్కర్లేదు, గాలి తగిలితే చాలు. మామూలు ఉష్ణోగ్రత దగ్గరే బొగ్గు ఆక్సిజన్‌ను నెమ్మదిగా పీల్చుకుంటుంది. ఆ చర్యలో కొంత వేడి పుడుతుంది. పుట్టిన వేడి ఎప్పటికప్పుడు బయటికి పోతే ఫర్వాలేదు. లోపలే చిక్కుకుంటే బొగ్గు ఇంకాస్త వేడెక్కుతుంది. వేడెక్కిన కొద్దీ చర్య వేగం పుంజుకుంటుంది.

బొగ్గు తీసేశాక కప్పు కూలే ఖాళీ ప్రదేశాన్ని గోఫ్ అంటారు. నలిగిన బొగ్గు ఎంతో కొంత అక్కడ మిగిలిపోతుంది. గాలి ధారాళంగా వీస్తే వేడిని తీసుకుపోతుంది. అసలే లేకపోతే చర్య జరగదు. పగుళ్ల గుండా సన్నగా జొరబడే గాలితోనే చిక్కు: ఆక్సిజన్ అందించడానికి సరిపోతుంది, చల్లార్చడానికి చాలదు. అందుకే గనిని ప్యానెళ్లుగా విడదీసి, బొగ్గు రాజుకునే వ్యవధి లోపే తవ్వకం ముగించి, గోడలు కట్టి మూసేస్తారు. సింగరేణిలో గోదావరి ఇసుకను నీటితో కలిపి పైపుల ద్వారా పంపి ఖాళీని నింపే పద్ధతి కూడా ఉంది.

పొగ కనిపించేసరికి ఆలస్యమైపోతుంది. ముందుగా ఆచూకీ ఇచ్చేది కార్బన్ మోనాక్సైడ్. రంగు, వాసన లేని ఈ విషవాయువే మంట దగ్గరికి వెళ్లనివారి ప్రాణాలూ తీస్తుంది. 1994 జనవరి 25న పశ్చిమ బెంగాల్‌లోని న్యూ కెండా గనిలో అగ్నిప్రమాదం 55 మందిని బలిగొంది.

అయితే ఆ వాయువు మోతాదు ఒక్కటే చూస్తే మోసపోతాం. ఫ్యాను వేగం పెంచగానే అది పలచబడి, అంతా సవ్యంగా ఉందనిపిస్తుంది. కాబట్టి పుట్టిన కార్బన్ మోనాక్సైడ్‌ను తగ్గిన ఆక్సిజన్‌తో భాగించి శాతంగా లెక్కిస్తారు. తాజా గాలి కలిస్తే రెండూ ఒకేలా పలచబడతాయి, నిష్పత్తి మారదు. ఇదే గ్రాహం నిష్పత్తి. ఒక చిన్న భాగహారం ఇంత పని చేయడం ముచ్చటే! ఒక్క రోజు అంకె కంటే, వారం వారం అది పెరుగుతోందా అన్నదే ముఖ్యం.

మంట చిన్నదై, చేరువలో ఉంటే నీళ్లు కొట్టి, వేడి బొగ్గును తవ్వి తీసేస్తారు. లేదంటే ఆ భాగాన్ని మూసేయాలి. మూసేటప్పుడే గండం ఎక్కువ. గాలి ప్రవాహం ఆగడంతో లోపల మీథేన్ పోగవుతుంది. గాలిలో అది సుమారు 5 నుంచి 15 శాతం మధ్య ఉంటే పేలుతుంది. నైట్రోజన్ పంపి ఆక్సిజన్‌ను తగ్గించేది అందుకే. మంట ఆరినా చుట్టూ రాయి చాలాకాలం వేడిగానే ఉంటుంది. తొందరపడి గోడ తెరిస్తే, లోపలికి వెళ్లే గాలితో మళ్లీ రాజుకుంటుంది. జార్ఖండ్‌లోని ఝరియాలో ఇలా గోడ కట్టి ఆపడం కుదరలేదు. అక్కడ బొగ్గు పొరలు నేలకు దగ్గరగా ఉన్నాయి, పైన నేలంతా పగుళ్లే. 1916లో బయటపడిన మంటలు నూరేళ్లు దాటినా పూర్తిగా ఆరలేదు.