తలుపు తట్టే ముందు...

ఇంటింటికీ తిరిగి లెక్కలు రాసుకునే వ్యక్తి వరసగా తలుపులు తడుతున్నాడనుకోండి. పన్నెండో నంబరు దగ్గర ఇల్లు లేదు, ట్రాన్స్‌ఫార్మర్ ఉంది. చూసుకోకుండా చెయ్యి వేస్తే? కంప్యూటర్ మెమరీని పరీక్షించే ప్రోగ్రాములకూ ఇదే చిక్కు!

మెమరీలో ప్రతి బైటుకీ ఓ చిరునామా ఉంటుంది. అలాగని చిరునామాలన్నీ ర్యామ్‌వి కావు. 1981లో వచ్చిన తొలి ఐబీఎం పీసీలో 1 మెగాబైటు మేర చిరునామాలుంటే ప్రోగ్రాములకు దక్కింది 640 కిలోబైట్లే. మిగతావి తెరకీ, చిప్పుల్లోని శాశ్వత మెమరీకీ పోయాయి. నేటి యంత్రాల్లోనూ కొన్ని చిరునామాల వెనక ఉండేది పరికరాలే.

'రాస్తే ప్రమాదంగానీ చదివితే ఏమవుతుంది?' అనిపించొచ్చు. అవుతుంది! సీరియల్ పోర్టుకు వచ్చిన అక్షరాన్ని ఒకసారి చదివితే అది వరసలోంచి పోతుంది. అసలు ప్రోగ్రాము వచ్చేసరికి అక్కడ ఏమీ ఉండదు. కొన్ని చోట్ల చదివితే యంత్రమే ఆగిపోవచ్చు. జబ్బు కనిపెట్టాల్సిన పరీక్షే జబ్బు తెచ్చినట్టన్నమాట.

మరి మందేమిటి? 2025లో లినక్స్ కెర్నల్‌లో చేరిన 'పీఎఫ్ఎన్‌మ్యాప్' పరీక్షను చూస్తే తెలుస్తుంది. భౌతిక మెమరీని నేరుగా చూపించే 'డెవ్‌మెమ్' ఫైలు నుంచి రెండు పేజీలు తెరిచి చూడటం దాని పని. అందుకోసం ఏదో ఒక చిరునామాని గుడ్డిగా పట్టుకోదు. ఏ చిరునామా ఎవరిదో కెర్నల్ రాసిపెట్టే 'ఐవోమెమ్' జాబితా తిరగేసి, 'సిస్టమ్ ర్యామ్' అని ఉన్నచోటునే ఎంచుకుంటుంది. ఆపైన ఒకసారి చదివి చూస్తుంది. తేడా వస్తే కెర్నల్ పంపే హెచ్చరికను అందుకుని వెనక్కి తగ్గుతుంది. ఈ వరస ముఖ్యం. యంత్రమే ఆగిపోతే హెచ్చరిక అందుకునేవారెవరు? అందుకే ముందు జాబితా, తర్వాతే చదవడం.

భద్రత కోసం డెవ్‌మెమ్ నుంచి ర్యామ్‌ను చూడనివ్వని కెర్నళ్లూ ఉన్నాయి. అక్కడ ఈ పరీక్ష పాస్ అనీ ఫెయిల్ అనీ చెప్పదు, 'స్కిప్' అంటుంది. ఊరికే ఫెయిల్ అని చూపిస్తే 'నాన్నా పులి' కథే. నిజంగా లోపం వచ్చిన రోజున ఎవరూ పట్టించుకోరు. చూడకుండానే పాస్ అంటే అసలు లోపం జనం కంప్యూటర్లలోకి చేరిపోతుంది.

చూడలేని చోట చూడలేదని చెప్పడం... మంచి పరీక్షకు అదీ ఓ లక్షణమే!