ఆ బ్లేడు గ్రైండర్‌ది కాదు

చిన్న చిన్న వీడియోల పుణ్యమా అని ఒక నమ్మకం ఊరూరా పాకింది. నాలుగంగుళాల యాంగిల్ గ్రైండర్‌కు చెక్క కోసే పళ్ల బ్లేడు బిగించుకుంటే వేరే రంపం మిషన్ కొనక్కర్లేదట, ఆ డబ్బు మిగులుతుందట. ఆ మిగిలిన డబ్బు ఆస్పత్రిలో కుట్లకు చాలదు. తెగేది చెయ్యో, తొడో, ఒక్కోసారి మొహమో.

దీనికి రుజువు కూడా చూపిస్తారు. ఈ సైజు కార్బైడు పళ్ల బ్లేళ్ల మీద గరిష్ఠ వేగం 12 వేలనో 13 వేలనో అచ్చేసి ఉంటుంది. గ్రైండర్ తిరిగేది నిమిషానికి 11 వేల చుట్ల దగ్గర. ఇంకేం, సరిపోయిందిగా అంటారు. అంకె నిజమే. కానీ ఆ వేగం దాకా బ్లేడు చెదిరిపోదని మాత్రమే దానర్థం. ఏ మిషన్‌కు బిగించాలో ఆ అంకె చెప్పదు.

గ్రైండర్ డిస్కుకు పళ్లుండవు, అది అరగదీస్తుంది. పన్ను అలా కాదు, చెక్కలో దిగి పట్టుకుంటుంది. ముడి తగిలినా, కోత మూసుకుపోయి బ్లేడును నొక్కినా మిషనే ఎగిరి మీదికొస్తుంది. 110 మిల్లీమీటర్ల బ్లేడు 11 వేల చుట్లు తిరుగుతుంటే దాని అంచు సెకనుకు 63 మీటర్లు, అంటే గంటకు దాదాపు 228 కిలోమీటర్లు పోతోందన్న మాట. చెయ్యి వెనక్కి తీసుకుంటానంటే కుదరదు. చెక్క కోసే సర్క్యులర్ సాకు ఒక పీట ఉంటుంది, అది చెక్క మీద ఆని బ్లేడును ఒకే లోతులో నడుపుతుంది. కింది గార్డు స్ప్రింగుతో దానంతటదే మూసుకుంటుంది. ట్రిగ్గర్ వదిలితే కరెంటు ఆగుతుంది. గ్రైండర్‌కు ఆ పీట లేదు. చాలావాటికి స్విచ్ ముందుకు తోస్తే అక్కడే ఉండిపోతుంది, చెయ్యి జారినా తిరుగుతూనే ఉంటుంది. గార్డేమో 100 మిల్లీమీటర్ల డిస్కుకు చేసింది. అందులో 110 బ్లేడు పట్టదు కాబట్టి మనవాళ్లు గార్డునే పీకేస్తారు. పక్క పిడి ఎప్పుడో పోయుంటుంది. బ్లేడు రంధ్రం పెద్దదైతే మధ్యలో ఒక వాషరు. ఇన్ని అతుకులు వేస్తున్నప్పుడైనా అనుమానం రావద్దూ? పళ్ల బ్లేడు బిగించొద్దని గ్రైండర్‌తో వచ్చే పుస్తకంలోనే రాసి ఉంటుంది. అది డబ్బాతో పాటే చెత్తలోకి పోతుంది.

అయితే ఆ బ్లేడు మార్బుల్ కట్టర్‌కు బిగిస్తాం, దానికి పీట ఉందిగా అంటారు. ఉంది. దానంతటది మూసుకునే గార్డు మాత్రం లేదు.

పదేళ్లుగా వాడుతున్నా ఏమీ కాలేదనేవాళ్లకు ఒకటే జవాబు: హెల్మెట్ లేకుండా పదేళ్లు బండి నడిపినవాళ్లూ ఉన్నారు.

ఇక చిల్లర అపోహలు. మొద్దు బ్లేడే వేళ్లకు భద్రమన్నది శుద్ధ తప్పు. పదును తగ్గేకొద్దీ ఎక్కువ నెట్టాలి, నెట్టే చెయ్యే జారుతుంది. పళ్లు ఎంత ఎక్కువైతే అంత మంచిదన్నది ప్లైవుడ్డుకూ అడ్డకోతకూ సరే. పది అంగుళాల బ్లేడుతో టేకును నిలువునా చీల్చాలంటే 24 పళ్లు చాలు. 60 పళ్లదైతే పొట్టు బయటికి పోక చెక్క మాడుతుంది. కార్బైడుకు అసలు పదునే పెట్టక్కర్లేదన్నది దుకాణంలో పుట్టిన మాట. పెట్టాలి, అయితే డైమండ్ చక్రం ఉన్నచోట. దానికీ ముందు బ్లేడును కిరసనాయిల్లో నానబెట్టి బ్రష్షుతో రుద్దండి. చాలాసార్లు పోయింది పదును కాదు, పళ్లకు జిగురు పట్టి ఉంటుంది.

పాత మేస్త్రీల మాట ఒకటి మాత్రం ఒప్పుకోక తప్పదు. స్టీలుకొచ్చే పదును కార్బైడుకు రాదంటారు. కార్బైడంటే గట్టి రేణువులను కోబాల్టుతో అతికించిన సరుకు, ఉక్కంత సన్నని అంచు దానికి నిలవదు. మెత్తని చెక్క మీద కొత్తగా సానపట్టిన హైస్పీడ్ స్టీల్ రందా బ్లేడు తెచ్చే నునుపే వేరు. కాకపోతే టేకులో సిలికా ఉంది, ప్లైవుడ్డులో జిగురు పొరలున్నాయి. వాటి మీద ఆ పదును నిలిచేది కాసేపే.

రందా మిషన్లో మూడు బ్లేళ్లుంటే, గంటు పడిన ఒక్కదాన్నే సానకిచ్చే అలవాటు మానుకోవాలి. శాఫ్టు 4,000 చుట్లు తిరుగుతూ, చెక్క నిమిషానికి 6 మీటర్లు నడుస్తుందనుకోండి. మూడూ సమానంగా కోస్తే అర మిల్లీమీటరుకో గీత, కంటికి ఆనదు. ఒకటి వెంట్రుకంత పైకి లేచినా చివరి కోత దానిదే అవుతుంది, గీతల ఎడం ఒకటిన్నర మిల్లీమీటర్లవుతుంది. వేలితో తడిమితే అలలు తెలుస్తాయి. పైగా బరువులో తేడా వస్తే శాఫ్టు వణికి బేరింగులు పోతాయి.

రందా మిషన్‌కు పొడవాటి బ్లేళ్ల బదులు చిన్న చిన్న ఇన్సర్టులుండే స్పైరల్ హెడ్డు ఉన్నవాళ్లకు పని తేలిక. చదరపు ఇన్సర్టుకు నాలుగు అంచులుంటాయి, ఒకటి అరిగితే పావు చుట్టు తిప్పితే చాలు. తిప్పేముందు గూటిలో పొట్టు తుడవకపోతే ఆ ఒక్కటే ఎత్తుగా కూర్చుని పలకంతా గీత గీస్తుంది. స్క్రూను బలం కొద్దీ బిగిస్తే ఇన్సర్టు పగులుతుంది. నాలుగు అంచులూ అయిపోయాక సానపట్టించకండి, కొలత మారిపోతుంది. కొత్తది వేయండి.

రందా బ్లేళ్లు సానకిచ్చేటప్పుడు మూడూ కలిపే ఇవ్వండి, బరువు కూడా సరిచూడమని అడగండి. విప్పేటప్పుడైనా బిగించేటప్పుడైనా ముందు మెయిన్ ఆపండి.