కంకర దారి కత్తి: దుంగ నుంచి ల్యాండ్ ప్లేన్ దాకా

అమెరికా పల్లెల్లో చాలా ఇళ్లు పెద్ద రోడ్డుకు దూరంగా ఉంటాయి. గేటు దగ్గర మొదలై పొలాల మధ్యగా ఇంటి గుమ్మం దాకా వెళ్లే కంకర దారి ఎవరిది వాళ్లదే. గుంటలు పడినా, వాన నీళ్లు కోసుకుపోయినా బాగుచేసుకోవాల్సింది ఇంటివాళ్లే. ఆ పనికి చిన్న ట్రాక్టర్ ఉంటుంది. దాని వెనక తగిలించడానికి రియర్ బ్లేడ్, బాక్స్ బ్లేడ్, ల్యాండ్ ప్లేన్ అని రకరకాల పరికరాలు అమ్ముతారు. ఏది కొనాలో తేల్చుకోవాలంటే ధర కన్నా ముందు ఒకటి చూడాలి: ఆ పరికరంలోని కత్తి తన ఎత్తును దేన్నిబట్టి నిలుపుకుంటోంది? నేలనుబట్టా, ట్రాక్టర్‌నుబట్టా? ఈ కత్తి కథంతా ఆ ఒక్క ప్రశ్న చుట్టూనే నడిచింది.

మిస్సోరీ రాష్ట్రంలో మెయిట్‌లండ్ అనే ఊళ్లో డి. వార్డ్ కింగ్ అనే రైతు ఉండేవాడు. 1896లో ఆయన ఒక పాత పంపు దుంగనూ, ఓక్ కంబాన్నీ ఎడంగా పెట్టి, చెక్కలతో కలిపి కొట్టి, గుర్రాలు కట్టి తన ఇంటి ముందు మట్టిరోడ్డు మీద ఈడ్పించాడు. వాన వెలిసినప్పుడల్లా ఈడ్పిస్తూ వచ్చాడు. చుట్టుపక్కల రోడ్లన్నీ బురదలో కూరుకుపోతుంటే ఆ ముక్క మాత్రం గట్టిపడింది. కింగ్ తర్వాత దాన్ని ఒక పద్ధతికి తెచ్చాడు. 10, 12 అంగుళాల మందమున్న దుంగను నిలువునా రెండుగా చీల్చాలి. చీల్చిన చదును వైపు ముందుకు ఉండేలా రెండు బద్దలనూ 30 అంగుళాల ఎడంతో బిగించాలి. ముందు బద్ద అంచుకు ఇనప పట్టీ కొట్టాలి. రోడ్డుకు ఏటవాలుగా ఈడ్పిస్తే అంచుల్లోని మట్టి మెల్లగా నడిమికి చేరుతుంది, రోడ్డు మధ్యలో ఎత్తు ఏర్పడుతుంది, నీళ్లు ఇరుపక్కలకూ జారిపోతాయి.

ఇందులో తెలివంతా సర్దుబాటులో ఉంది. తోలేవాడు బద్దల మీద పరిచిన పలకపై నిలబడతాడు. ఎక్కువ కోయాలంటే తన బరువు కోసే కొస మీద వేస్తాడు, మట్టి దించాలంటే రెండో కొసకు జరుగుతాడు. గొలుసు పొట్టిగా కడితే ముందు బద్ద కాస్త లేచి తక్కువ కోస్తుంది, పొడుగు చేస్తే ఎక్కువ కోస్తుంది. కింగ్ దీనిగురించి ఊరూరా ఉపన్యాసాలిచ్చాడు. 1908లో అమెరికా వ్యవసాయ శాఖ ఆయన రాసిన పద్ధతిని రైతుల బులెటిన్‌గా అచ్చువేసింది. పైసా ఖర్చులేని ఆ దుంగను నేను పెద్ద ఆవిష్కరణల్లోనే లెక్కేస్తాను. అది నేల మీదే ఆనుకుని నడుస్తుంది కాబట్టి ఎత్తుపల్లాలను తనంతట తానే సర్దుతుంది.

అప్పటికే చక్రాల మీద నడిచే గ్రేడర్లు వచ్చాయి. 1885లో జె. డి. ఆడమ్స్ పక్కకు వాలే చక్రాలున్న గ్రేడర్ తయారుచేశాడు. 1931లో క్యాటర్‌పిల్లర్ కంపెనీ తెచ్చిన ఆటో పెట్రోల్ నుంచి ఇంజనూ కత్తీ ఒకే బండిలో కలిసిన మోటార్ గ్రేడర్ స్థిరపడింది. దీనిలో కత్తి ముందు చక్రాలకూ వెనక చక్రాలకూ నడుమ ఉంటుంది. సరిగ్గా మధ్యలో ఉందనుకుంటే, ముందు చక్రాలు 10 సెంటీమీటర్ల మిట్ట ఎక్కినప్పుడు కత్తి 5 సెంటీమీటర్లే లేస్తుంది. అంటే రోడ్డులోని వంకర సగానికి తగ్గి కత్తికి అందుతుంది. బండి పొడవే అక్కడ పనిచేస్తుంది.

ఇక ట్రాక్టర్ వెనక్కి వద్దాం. ఐర్లండ్‌లో పుట్టిన హ్యారీ ఫెర్గూసన్, మొదటి ప్రపంచ యుద్ధకాలంలో ట్రాక్టర్ల పని చూడటానికి ప్రభుత్వం పంపితే వాటిలోని లోపాన్ని పట్టుకున్నాడు. నాగలి రాయికి తగిలి ఆగిపోతే ట్రాక్టర్ వెనక ఇరుసు మీద తిరిగి, మూతి పైకి లేచి, తోలేవాడి మీదే పడేది. ఫెర్గూసన్ నాగలిని మూడు చోట్ల బిగించాడు. కింద రెండు లింకులు లాగుతాయి. పైన ఉన్న టాప్ లింక్ నాగలి నుంచి వచ్చే తోపుడును ట్రాక్టర్ మీదికి పంపి మూతిని నేలకు అదిమిపెడుతుంది. హైడ్రాలిక్స్ నాగలిని ఎత్తి దించుతుంది. 1938లో హెన్రీ ఫోర్డ్‌తో ఒక్క కరచాలనం మీద ఒప్పందం కుదిరింది, 1939లో ఫోర్డ్ 9ఎన్ వచ్చింది. కరచాలనం తర్వాత కోర్టుకెక్కింది. 1952లో ఫోర్డ్ కంపెనీ 92.5 లక్షల డాలర్లిచ్చి రాజీపడింది. మూడు చోట్ల బిగించే ఆ పద్ధతి మాత్రం లోకమంతా పాకింది. చెన్నైలో 1960లో మొదలైన టాఫే మాసీ ఫెర్గూసన్ ట్రాక్టర్లను మన పొలాలకు తెచ్చింది. ఇవాళ తెలుగు జిల్లాల్లో ఏ ట్రాక్టర్ వెనక చూసినా ఆ త్రీ పాయింట్ లింకేజీయే.

నాగలికి ఇంతకన్నా మంచి బిగింపు లేదు. దారి చదునుకు వచ్చేసరికి దీనితోనే చిక్కు. రెండు ఇరుసుల మధ్య 180 సెంటీమీటర్లు, వెనక ఇరుసు నుంచి కత్తికి 90 సెంటీమీటర్లు అనుకోండి. ముందు చక్రాలు 10 సెంటీమీటర్ల మిట్ట ఎక్కితే కత్తి 5 సెంటీమీటర్లు దిగి కోస్తుంది. వెనక చక్రాలు అదే మిట్ట ఎక్కేసరికి 15 సెంటీమీటర్లు లేచి కంకరను వదిలేస్తుంది. గ్రేడర్ తగ్గించిన వంకరను ఇది పెంచుతుంది. ఈ లింకులకే వేలాడే ఒంటి కత్తి రియర్ బ్లేడ్‌తో కొత్తవాళ్లు దారిని మరింత గతుకుల మయం చేసుకునేది ఇందుకే. పైగా మామూలు ట్రాక్టర్ హైడ్రాలిక్స్ ఎత్తగలదే గాని కిందికి నొక్కలేదు. కోసేది పరికరం బరువే. అందుకని తేలికపాటి బ్లేడ్ చవగ్గా వచ్చినా గట్టి నేల మీద జారిపోతుంది.

దారి మీద వరసగా లేచే అలల గతుకుల సంగతీ చెప్పాలి. 2007లో టాబర్లే, మోరిస్, మెకెల్వెయిన్ అనే శాస్త్రవేత్తలు గుండ్రంగా తిరిగే బల్ల మీద ఇసుక పోసి, మడతబందుతో ఊగే చేతికి ఒక చక్రం తగిలించి చూశారు. వేగం ఒక హద్దు దాటగానే అలలు లేచాయి. స్ప్రింగు లేకపోయినా లేచాయి. చక్రం తీసేసి ఏటవాలు రేకును ఈడ్పించినా లేచాయి! ట్రాక్టర్ వెనక లింకుల మీద ఊగే కత్తి దాదాపు ఆ రేకే. తొందరపడి తోలితే చదును చేసే కత్తే అలలు వేస్తుంది. గంటకు 5 నుంచి 8 కిలోమీటర్లు దాటకూడదని అమెరికా గ్రావెల్ రోడ్ల మాన్యువల్ చెబుతుంది.

బాక్స్ బ్లేడ్‌కు పక్కల గోడలుంటాయి, ముందు ఉక్కు పళ్లుంటాయి. టాప్ లింక్‌ను చేత్తో తిప్పి పొట్టి చేస్తే పెట్టె ముందుకు వాలి పళ్లు దిగబడతాయి, పొడుగు చేస్తే వెనక అంచు ఆని నునుపు చేస్తుంది. గుంట పూడ్చాలంటే ఇదే కావాలి. గుంటలో కంకర పోసి తొక్కిస్తే నిలవదు. చుట్టూ ఉన్న గట్టి అంచు అలాగే ఉంటుంది, టైరు దాన్ని దిగిన ప్రతిసారీ కొత్త కంకరను ఎగజిమ్ముతుంది. గుంట అడుగు దాకా పళ్లతో చీల్చి, మొత్తం కలిపి, మళ్లీ పరిచి అదమాలి.

ల్యాండ్ ప్లేన్‌లో రెండు పొడవాటి పక్క పట్టాల మధ్య రెండు కత్తులుంటాయి. పట్టాలు నేల మీద ఆనుకుని జారతాయి, కత్తులు వాటికంటే కాస్త కిందికి ఉంటాయి. వడ్రంగి పొడవాటి చిత్రిక పల్లాన్ని దాటిపోతూ మిట్టను మాత్రమే గీకినట్టు ఇది పనిచేస్తుంది. మిట్టలో తీసిన కంకర కత్తుల మీదుగా దొర్లి పల్లంలో పడుతుంది. హైడ్రాలిక్ లీవరు పూర్తిగా దించి వదిలేస్తే కత్తి ఎత్తును నిర్ణయించేది నేల మీది పట్టాలే. లింకేజీ పని లాగడం, ఇంటికి వచ్చాక ఎత్తడం.

ఒక్కటే కొనగలిగితే, రూపం చెడని దారికి ల్యాండ్ ప్లేన్ కొనమంటాను. ట్రాక్టర్ తోలడంలో చేయి తిరగనివాళ్ల తప్పులనూ ఇది మన్నిస్తుంది. కానీ అంచులకు చెదిరిన కంకరను అది నడిమికి తేలేదు, లేని క్యాంబర్‌ను, అంటే దారి నడిమి ఎత్తును, సృష్టించలేదు. అడుగుకు అర అంగుళం వాలు, అంటే సుమారు 4 శాతం, తేవాలంటే ఏటవాలుగా తిప్పగల బరువైన రియర్ బ్లేడ్ కావాలి. ఏది కొన్నా వెడల్పు వెనక టైర్ల జాడలను కప్పాలి. కప్పకపోతే చదునుచేసిన దారి మీద టైర్ల జాడలే మిగులుతాయి.

కొనేముందు ఒకసారి గుప్పెడు కంకర తీసి చూడండి. గుండ్రటి ఏటిరాళ్లే ఉండి, వాటిని పట్టి ఉంచే రాతిపొడి, కాస్త బంకమట్టి లేకపోతే ఏ కత్తి వేసినా అవి గోళీల్లా దొర్లి నెల తిరక్కముందే అంచులకు పోతాయి. అలాంటి దారికి ముందు కోణాలున్న పగులురాయి, డస్టుతో కలిసినది, రెండు లారీలు తోలించాలి. పరికరం మాట ఆ తర్వాత.