మెక్సికో కుడ్యచిత్రోద్యమం

మెక్సికో కుడ్యచిత్రోద్యమం 1920వ దశకంలో మెక్సికో దేశంలో ఆరంభమైన చిత్రకళా ఉద్యమం. ప్రభుత్వ భవనాలు, పాఠశాలలు, మార్కెట్ల గోడలపై దేశచరిత్రను, శ్రామికుల జీవితాన్ని అందరికీ కనబడేటట్లు భారీ చిత్రాలుగా రచించడం దీని ప్రధాన లక్షణం. డియెగో రివేరా (1886 - 1957), హోసే క్లెమెంటె ఒరోస్కో (1883 - 1949), డేవిడ్ అల్ఫారో సికేరోస్ (1896 - 1974) ఈ ఉద్యమంలో అగ్రగణ్యులు. వీరిని అక్కడ "ముగ్గురు మహనీయులు" అని వ్యవహరిస్తారు. నేడు పెక్కు నగరాలలో కానవచ్చే వీధి చిత్రకళకు, ముఖ్యంగా అమెరికాలోని దానికి, ఈ ఉద్యమం ఒక ప్రధాన మూలం.

నేపథ్యం

పోర్ఫిరియో డియాజ్ నిరంకుశ పాలనకు వ్యతిరేకంగా 1910లో మొదలైన మెక్సికో విప్లవం సుమారు పదేళ్ళు సాగింది. విప్లవానంతరం ఆల్వారో ఒబ్రెగాన్ అధ్యక్షుడైనాడు. ఆయన ప్రభుత్వంలో 1921 నుండి 1924 వరకు విద్యామంత్రిగా ఉన్న హోసే వాస్కోన్సెలోస్ పాఠశాలలు, గ్రంథాలయాలు విరివిగా స్థాపించడంతో పాటు ప్రభుత్వ భవనాల గోడలను చిత్రకారులకు అప్పగించాడు. దేశంలో అప్పటికి చదవను వ్రాయను రానివారే అధికం. అక్షరం రానివారికి గోడమీది బొమ్మ పాఠ్యపుస్తకం కాగలదని ఈ పథకం ఆశయం. మన దేవాలయాల గోడలపైన, పైకప్పులపైన రామాయణ భారత గాథలు చిత్రించిన వారి ఉద్దేశం కూడా దాదాపు ఇటువంటిదే.

మెక్సికో నగరంలోని జాతీయ సన్నాహక పాఠశాల ఈ ఉద్యమానికి పుట్టినిల్లు. ఐరోపాలో పద్నాలుగేళ్ళు గడిపి, ఇటలీలో పాత కుడ్యచిత్రాలను పరిశీలించి, 1921లో స్వదేశం చేరిన రివేరా 1922లో ఇక్కడ "సృష్టి" అనే చిత్రం మొదలుపెట్టాడు. అదే భవనంలో ఫ్రాన్సులో జన్మించిన జాన్ షార్లో, ఒరోస్కో, సికేరోస్ తదితరులు పనిచేశారు. చిత్రకారులు తమను శ్రామికులుగా భావించి సంఘం పెట్టుకున్నారు. ధనికుల ఇళ్ళలో వేలాడే చట్రపు బొమ్మలను తాము తిరస్కరిస్తున్నామని, కళ అందరి సొత్తు కావాలని ఆ సంఘం ప్రకటించింది.

ఎవరి కోసం ఈ బొమ్మలు గీస్తున్నారో వారందరూ వాటిని మెచ్చలేదు. 1924లో ఆ పాఠశాల విద్యార్థులే కొందరు ఒరోస్కో, సికేరోస్‌ల చిత్రాలను పాడుచేశారు. పని ఆగిపోయింది. ఒరోస్కో 1926లో తిరిగివచ్చి, తాను వేసిన వాటిలో కొన్నింటిని తానే చెరిపి కొత్తవి గీశాడు. నేడు ప్రసిద్ధి చెందిన "కందకం" ఆ రెండవ విడతలోనిదే.

చిత్రణ విధానం

ఈ ఉద్యమంలో ఎక్కువగా వాడినది ఫ్రెస్కో పద్ధతి. ఇందులో రంగును జిగురుతో అతికించరు. గోడకు ముందు గరుకు పూత వేసి, దానిపై మెత్తని సున్నపు పూత పలుచగా వేస్తారు. ఆ పూత తడిగా ఉండగానే నీటిలో నూరిన రంగులతో చిత్రించాలి. తడిసున్నం ఆరుతున్నకొద్దీ గాలిలోని బొగ్గుపులుసు వాయువును గ్రహించి కాల్షియం కార్బొనేటుగా, అనగా సున్నపురాయిగా మారుతుంది. రంగు రేణువులు ఆ రాయిలోనే బంధించబడతాయి. కనుకనే ఫ్రెస్కో చిత్రం శతాబ్దాలు నిలుస్తుంది.

సున్నానికి క్షారగుణం ఉండుటచే అన్ని రంగులూ దానికి పనికిరావు. మట్టి నుండి, ఖనిజాల నుండి తీసిన రంగులే ఎక్కువగా వాడాలి. సున్నం ఆరిన తర్వాత దిద్దుబాటుకు వీలుండదు. తప్పు జరిగితే ఆ భాగం చెక్కివేసి మళ్ళీ పూత పూయవలసిందే. అందువల్ల ఒక్కరోజులో ఎంతమేర చిత్రించగలరో అంత మేరకే తాపీమేస్త్రీ పూత వేస్తాడు. రివేరా వద్ద మేస్త్రీలు రాత్రివేళ పూత సిద్ధం చేసేవారు, సహాయకులు రంగులు నూరి రేఖలు గుర్తుపెట్టేవారు, తెల్లవారగానే ఆయన పరంజా ఎక్కేవాడు. పూత ఆరిపోయేవరకు దిగడానికి ఉండదు. చిత్రం క్రింద పేరు ఒక్కరిదే అయినా, పూత చెడితే ఎంతటి చిత్రకారుడైనా చేయగలిగింది లేదు.

విద్యామంత్రిత్వ శాఖ భవనంలో 1923లో పని మొదలుపెట్టినప్పుడు రివేరా బృందం రంగులలో నాగజెముడు జాతి మొక్క రసం కలిపి చూసింది. ఇది స్థానికుల ప్రాచీన రహస్యమని పత్రికలు గొప్పగా వ్రాశాయి. కాని రసం కుళ్ళి గోడపై మరకలు పడడంతో ఆ ప్రయోగం మానుకున్నారు. మన ప్రాంతంలో గానుగ సున్నంలో బెల్లం, కరక్కాయ నీరు కలిపే పద్ధతి తెలిసినవారికి ఈ ఆలోచన వింతగా తోచదు.

సికేరోస్ దారి వేరు. ఆధునిక నగరానికి ఆధునిక సాధనాలే తగినవని ఆయన వాదన. సున్నానికి బదులు సిమెంటు, కుంచెకు బదులు రంగు చిమ్మే పిచికారీ యంత్రం, ఖనిజ వర్ణాలకు బదులు మోటారు కార్లకు వేసే రంగులు వాడాడు. 1936లో న్యూయార్కులో ఆయన నడిపిన ప్రయోగశాలలో జాక్సన్ పొలాక్ కూడా పాల్గొన్నాడు. నేటి వీధి చిత్రకారుడి చేతిలోని స్ప్రే డబ్బాకు సికేరోస్ పిచికారీ యంత్రం పూర్వరూపం వంటిది.

ఒరోస్కో యౌవనంలో మందుగుండు ప్రమాదంలో ఎడమచేతిని కోల్పోయాడు. ఆయన గుడాలహారా నగరంలోని హాస్పీసియో కబాన్యాస్ గుమ్మటం లోపల 1939 నాటికి పూర్తిచేసిన "అగ్నిపురుషుడు" ఈ ఉద్యమంలోకెల్లా శ్రేష్ఠమైన రచన అని చెప్పవచ్చు. ఆ భవనాన్ని యునెస్కో 1997లో ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది.

గోడ ఎవరిది?

కాన్వాసు బొమ్మను కొన్నవాడు ఇంటికి తీసుకుపోగలడు. గోడమీది బొమ్మ గోడతోనే ఉంటుంది; గోడకు యజమాని వేరే ఉంటాడు. ఈ చిక్కు ముగ్గురికీ ఏదో ఒక రూపంలో ఎదురైనది.

1933లో న్యూయార్కు రాక్‌ఫెల్లర్ సెంటరులో రివేరా "కూడలిలో మానవుడు" అనే చిత్రం వేస్తూ అందులో లెనిన్ ముఖాన్ని చేర్చాడు. దానిని తొలగించమని నెల్సన్ రాక్‌ఫెల్లర్ కోరగా రివేరా అంగీకరించలేదు. ఆయనకు ఇవ్వవలసిన 21,000 డాలర్లు పూర్తిగా చెల్లించి పని ఆపించారు. 1934 ఫిబ్రవరిలో చిత్రాన్ని గోడనుండి పగులగొట్టారు. రివేరా అదే సంవత్సరం మెక్సికో నగరంలోని లలితకళా భవనంలో దానిని కొద్ది మార్పులతో మళ్ళీ చిత్రించాడు. ధనం చెల్లించినంత మాత్రాన చిత్రాన్ని నాశనం చేసే హక్కు వస్తుందా అన్న ప్రశ్నకు ఈ ఘటననే నేటికీ ఉదాహరణగా చూపుతారు.

సికేరోస్ 1932లో లాస్ ఏంజెలెస్ నగరం ఓల్వెరా వీధిలో, ఒక భవనం వెలుపలి గోడపై 80 అడుగుల పొడవున "ఉష్ణమండల అమెరికా" చిత్రించాడు. పండ్ల తోటలతో నిండిన కన్నులపండువైన దృశ్యాన్ని చిత్రం వేయించినవారు ఆశించారు. ఆయన మాత్రం శిలువపై కట్టబడిన ఆదివాసిని, అతడి పైన అమెరికా గరుడపక్షిని చిత్రించాడు. కొద్ది సంవత్సరాలలోనే దానిపై పూర్తిగా తెల్లరంగు పూశారు. 1960వ దశకం చివర ఆ పూత ఊడుతూ లోపలి చిత్రం మసకగా బయటపడసాగింది. గెట్టి పరిరక్షణ సంస్థ, నగర పాలకులు కలిసి దానిని కాపాడి 2012 అక్టోబరులో ప్రజల సందర్శనకు తెరిచారు.

మహిళా చిత్రకారులు

ఈ ఉద్యమచరిత్ర చాలాకాలం ముగ్గురు పురుషుల చరిత్రగానే చెప్పబడింది. మెక్సికోలో తొలి మహిళా కుడ్యచిత్రకారిణిగా పేరుపొందిన అవురోరా రెయెస్ (1908 - 1985) వృత్తిరీత్యా ఉపాధ్యాయిని. ఆమె 1936లో ఒక పాఠశాల గోడపై "గ్రామీణ ఉపాధ్యాయినులపై దాడి" అనే చిత్రం వేసింది. మత ప్రమేయం లేని విద్యను బోధిస్తున్నారన్న ఆగ్రహంతో ఆనాడు పల్లెలలో పలువురు ఉపాధ్యాయులను చంపారు, కొందరి చెవులు కోశారు. చిత్రంలో ఒకడు పంతులమ్మను జుట్టుపట్టి ఈడుస్తుండగా మరొకడు తుపాకి మడమతో కొడుతుంటాడు. పిల్లలు చాటునుండి చూస్తుంటారు. రివేరా చిత్రాలలో ఉపాధ్యాయిని పిల్లల మధ్య ప్రశాంతంగా కూర్చుని పాఠం చెబుతుంది. ఆ పాఠానికి ఆమె చెల్లించిన మూల్యాన్ని చూపినది రెయెస్.

1945లో మరియా ఇస్కియెర్దోకు మెక్సికో నగర ప్రభుత్వం ఒక కుడ్యచిత్రాన్ని అప్పగించి, తర్వాత రద్దుచేసింది. ఆమెకు తగిన అనుభవం లేదని అభ్యంతరం తెలిపినవారిలో రివేరా, సికేరోస్ ఉన్నారు. కళ అందరి సొత్తు అన్న ప్రకటన పక్కన ఈ విషయాన్ని కూడా ఉంచి చూడవలసి ఉంది.

ప్రభావం

అమెరికాలో ఆర్థికమాంద్య కాలంలో చిత్రకారులకు ప్రభుత్వమే పని కల్పించిన పథకాలకు మెక్సికో ఉదాహరణ ప్రేరణనిచ్చింది. 1970లో సాన్ డియాగోలో మెక్సికన్ మూలాలున్న ప్రజలు వంతెన క్రింది స్థలాన్ని ఆక్రమించి చికానో పార్కుగా చేసుకున్నారు. తరువాతి సంవత్సరాలలో ఆ వంతెన స్తంభాలను చిత్రాలతో నింపారు. జూడీ బాకా నాయకత్వంలో 1976లో చిత్రణ మొదలైన "లాస్ ఏంజెలెస్ మహాకుడ్యం" ఒక వరదకాలువ గోడ వెంట దాదాపు అర మైలు సాగుతుంది. దానిని గీసినవారిలో వందలాది మంది స్థానిక యువతీయువకులు ఉన్నారు.

భారతీయ చిత్రకారుడు సతీష్ గుజ్రాల్ (1925 - 2020) 1952లో విద్యార్థివేతనంపై మెక్సికో వెళ్ళి సికేరోస్, రివేరాల వద్ద శిక్షణ పొందాడు. స్వదేశానికి వచ్చాక పింగాణీ పలకలు మొదలైన వాటితో భవనాలపై కుడ్యరచనలు చేశాడు.