బొగ్గు టబ్బు కన్న బిడ్డ రోలర్ కోస్టర్

గోదావరిఖని బాయిల్లో బొగ్గు టబ్బు ఎక్కి కూర్చోవడం నేరం. అనుమతి లేకుండా టబ్బు మీద గానీ, దాన్ని లాగే తాడు మీద గానీ ఎవరూ ప్రయాణం చేయకూడదని గనుల నిబంధనలు చెబుతాయి. అక్కడికి 200 కిలోమీటర్లకు పైగా దూరంలో, హైదరాబాద్ శివారు రావిర్యాలలోని వండర్‌లాలో, తాడు లాగితే పైకెక్కి వాలు మీద జారే బండిలో కూర్చోవడానికి పిల్లలూ పెద్దలూ టికెట్టు కొని వరుసలో నిలబడతారు. ఈ రెండు బండ్లదీ ఒకే వంశం. రోలర్ కోస్టర్‌కు తల్లి బొగ్గు టబ్బు. పోలిక కుదిరిందని అంటున్న మాట కాదిది, నమోదైన చరిత్ర.

ముందు తల్లి సంగతి చూద్దాం. రామగుండం ప్రాంతంలోని పాత బాయిల్లో చాలావాటికి నిలువు గుంత ఉండదు. నేల మీంచి బొగ్గు పొర దాకా ఏటవాలుగా దిగే సొరంగం ఉంటుంది. అదే ఇంక్లైన్. కార్మికుల పేటలకు కూడా ఆ పేర్లే స్థిరపడ్డాయి. గోదావరిఖనిలో ఎయిట్ ఇంక్లైన్ కాలనీ అంటే ఆటో ఎక్కాక ఇంకో గుర్తు చెప్పనక్కర్లేదు. ఆ వాలు పొడవునా సన్నని పట్టాలు, పైన హాలేజ్ గది, గదిలో మోటారుతో తిరిగే పెద్ద డ్రమ్ము, డ్రమ్ముకు చుట్టిన ఉక్కు తాడు. కింద తట్టా చెమ్మస్ (పార) పట్టిన ఫిల్లర్లు బొగ్గు నింపేవారు. ఒక్కో టబ్బుకు సుమారు ఒక టన్ను పట్టేది. ట్రామర్లు వాటిని తోసుకొచ్చి వరుసగా తగిలించేవారు. గంట మోగగానే పైన ఆపరేటర్ డ్రమ్ము తిప్పితే టబ్బుల వరుస తాడు పట్టుకుని పైకెక్కేది.

ఖాళీ టబ్బులు కిందికి దిగడానికి మాత్రం మోటారు అక్కర్లేదు. వాటి బరువే వాటిని దింపుతుంది. ఆపరేటర్ చేతిలో ఉండేది బ్రేకు ఒక్కటే. ఎక్కేటప్పుడు శక్తి ఖర్చు పెట్టి, దిగేటప్పుడు ఆ శక్తిని వేగంగా తిరిగి తీసుకోవడమే రోలర్ కోస్టర్ పని చేసే సూత్రం కూడా. దానికి ఇంజను ఉండదు. ఒకసారి ఎత్తుకు చేర్చి వదిలేస్తారు. మిగిలిందంతా భూమ్యాకర్షణ చూసుకుంటుంది.

ఆ ఆకర్షణ ఎంత భయంకరమో లెక్క వేసి చూస్తే తెలుస్తుంది. పట్టాల మీద 5 మీటర్లు సాగితే 1 మీటరు దిగే వాలు అనుకుందాం. తాడు తెగి, టబ్బు అలాంటి వాలులో 100 మీటర్లు జారితే నిలువునా 20 మీటర్లు పడ్డట్టే. రాపిడిని పక్కన పెడితే దాని వేగం గంటకు సుమారు 71 కిలోమీటర్లు. ఇందులో బరువుకు పాత్ర లేదు, ఖాళీ టబ్బైనా నిండు టబ్బైనా వేగం అంతే. అయితే టన్నుకు పైగా బరువు ఇరుకు సొరంగంలో ఆ వేగంతో వచ్చి పడితే ఎదురుగా ఉన్న మనిషికి పక్కకు తప్పుకునే జాగా ఉండదు. అందుకే గనుల ఇంజనీర్లు ఒక కాపలా మీద ఇంకో కాపలా పెట్టారు. వాలు మొదట్లో టబ్బును అడ్డగించే స్టాప్ బ్లాక్. దాన్ని దాటి జారితే పట్టాల మీంచి పక్కకు మళ్లించి పడగొట్టే రన్‌అవే స్విచ్. పైకెక్కే వరుసలో చివరి టబ్బుకు వెనక వేలాడుతూ నేలను రాసుకుంటూ వచ్చే ఇనప ఊచ, బ్యాక్ స్టే. తాడు తెగి టబ్బులు వెనక్కి జారగానే ఆ ఊచ నేలలో గుచ్చుకుని వాటిని పట్టాలు తప్పిస్తుంది. బొగ్గు ఒలికిపోయినా మనిషి బతుకుతాడు. నా దృష్టిలో హాలేజ్ వ్యవస్థ గొప్పదనం మోటారులో కన్నా ఈ ఊచలోనే ఎక్కువ ఉంది. రోలర్ కోస్టర్ తన తల్లి నుంచి తీసుకున్న అసలు ఆస్తి కూడా ఇలాంటి కాపలాలే.

ఇక బిడ్డ పుట్టుక. అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో మాక్ చంక్ అనే కొండ ఊరు ఉండేది. ఇప్పుడు దాని పేరు జిమ్ థోర్ప్. కొండ మీది సమ్మిట్ హిల్‌లో తవ్విన ఆంత్రసైట్ బొగ్గును కింద లీహై నది ఒడ్డుకు చేర్చడానికి అక్కడి లీహై కోల్ అండ్ నావిగేషన్ కంపెనీ 1827లో పట్టాలు వేసింది. సుమారు 14 కిలోమీటర్ల దారి, అంతా దిగుడే. నిండిన బండ్లు వాటంతట అవే దొర్లుకుంటూ పోయేవి, ఒక మనిషి బ్రేకు పట్టుకుని కూర్చునేవాడు. కంచరగాడిదలను కూడా బండ్లలోనే ఎక్కించి కిందికి దింపేవారు, ఎందుకంటే ఖాళీ బండ్లను మళ్లీ కొండ మీదికి లాగాల్సింది అవే. దిగడానికి అరగంట పడితే, ఎక్కడానికి గంటల కొద్దీ పట్టేది.

బొగ్గు గిరాకీ పెరిగాక కంచరగాడిదల వల్ల కాలేదు. 1840ల మధ్యలో కంపెనీ తిరుగుదారి కట్టింది. మౌంట్ పిస్గా అనే కొండకు దాదాపు 700 మీటర్ల పొడవైన వాలు మీద పట్టాలు పరిచి, శిఖరం మీద ఆవిరి యంత్రాలు నిలిపారు. ఆ వాలు ఎక్కితే 200 మీటర్ల ఎత్తు వస్తుంది. మన ఇంక్లైన్‌లలో తాడు ముందు నుంచి లాగుతుంది. అక్కడ ఇనప పట్టీలు ఒక చిన్న బండిని లాగేవి, ఆ చిన్న బండి వెనక నుంచి ఖాళీ బండ్లను తోసేది. పట్టీ తెగితే? దానికీ ఆలోచన చేశారు. పట్టాల పక్కన రంపపు పళ్ల లాంటి పళ్లున్న ఇంకో పట్టా వేశారు. బండికి తగిలించిన ఇనప నాలుక ఆ పళ్ల మీద టకటకమంటూ ముందుకే జారుతుంది. వెనక్కి ఒక్క అడుగు జారినా పన్నులో ఇరుక్కుని ఆగిపోతుంది. మన బ్యాక్ స్టే బండిని పడగొట్టి ఆపితే, ఇది నిలబెట్టి ఆపుతుంది. తేడా అంతే.

ఆ దారిలో ప్రయాణించాలన్న కోరిక మనుషులకు మొదటి నుంచీ ఉండేది. 1872లో కొండను తొలిచి రైలు సొరంగం వేశాక బొగ్గు ఆ మార్గంలో పోసాగింది. పాత పట్టాలు పూర్తిగా యాత్రికులవయ్యాయి. వేలాది మంది టికెట్టు కొని బొగ్గు బండ్ల దారిలో గాలిని చీల్చుకుంటూ దిగారు. ఒక పరిశ్రమకు పనికిరాకుండా పోయిన యంత్రం వినోదానికి ఇంత బాగా పనికొచ్చిన ఉదాహరణ అంతకు ముందు నాకు కనబడదు. 1930ల మొదటి దాకా అది నడిచింది. ఆ తర్వాత పట్టాలు తుక్కు కింద అమ్ముడుపోయాయి.

రష్యా మంచు కొండల జారుడు బల్లలనూ, 1817లో పారిస్‌లో చక్రాలు తగిలించి వాటిని అనుకరించిన బండ్లనూ రోలర్ కోస్టర్‌కు మూలమని చెప్పేవారున్నారు. అవీ పూర్వీకులే. కానీ నేటి యంత్రానికి పట్టాలూ, వాలూ, ఎత్తుకు లాగే ఏర్పాటూ, వెనక్కి జారనివ్వని పళ్లూ ఇచ్చింది బొగ్గు గని. లామార్కస్ థాంప్సన్ అనే అమెరికన్ 1884 జూన్ 16న న్యూయార్క్ కోనీ ఐలాండ్‌లో స్విచ్‌బ్యాక్ రైల్వే తెరిచినప్పుడు అతని ముందున్న నమూనా మాక్ చంక్ బొగ్గు దారే. పొడవు 180 మీటర్లకు కాస్త పైన, వేగం గంటకు 10 కిలోమీటర్లు, టికెట్టు 5 సెంట్లు. జనమే మెట్లెక్కి పైకి వెళ్లి బండిలో కూర్చునేవారు. మరుసటి ఏడే ఫిలిప్ హింకిల్ యంత్రంతో బండిని పైకి లాగడం మొదలుపెట్టాడు. జాన్ మిల్లర్ 1910లో బండి వెనక్కి జారకుండా పట్టే ఇనప నాలుకకు పేటెంట్ తీసుకున్నాడు. కోస్టర్ పైకెక్కేటప్పుడు వినిపించే టకటక చప్పుడు ఆ నాలుకదే. అదే మిల్లర్ 1919లో పట్టా కింది వైపు నుంచి కూడా పట్టుకునే చక్రాలు కనిపెట్టాడు. దాంతో బండి పట్టా మీంచి లేచిపోయే ప్రమాదం తప్పి, వాలులు నిటారుగా కట్టే ధైర్యం వచ్చింది.

తలకిందులయ్యే చుట్టు మాత్రం ఇంజనీర్లను చాలాకాలం ఏడిపించింది. 1895లో కోనీ ఐలాండ్‌లో కట్టిన ఫ్లిప్ ఫ్లాప్‌లో చుట్టు అచ్చం వృత్తంలా ఉండేది. లెక్క ప్రకారం, వృత్తాకార చుట్టును పట్టు తప్పకుండా దాటాలంటే అడుగున మనిషి మీద కనీసం తన బరువుకు 6 రెట్ల ఒత్తిడి పడక తప్పదు. మెడ ఆ భారం మోయలేదు. 1976లో జర్మన్ ఇంజనీర్ వెర్నర్ స్టెంగెల్ చుట్టును నీటిబొట్టు ఆకారానికి మార్చాడు. అడుగున వంపు విశాలంగా ఉండడంతో వేగం ఎక్కువున్న చోట ఒత్తిడి తగ్గింది, పైన వంపు బిగువుగా ఉండడంతో వేగం తగ్గినా బండి పట్టాకు అతుక్కునే ఉంది. ఇవాళ మనం ఎక్కే చుట్లు దాదాపు అన్నీ ఆ కుటుంబానివే.

ఇప్పుడు రావిర్యాలకు వద్దాం. వండర్‌లా హైదరాబాద్ 2016లో తెరుచుకుంది. అందులోని రీకాయిల్ అనే కోస్టర్‌ను తయారుచేసింది నెదర్లాండ్స్‌కు చెందిన వెకోమా కంపెనీ. ఈ కంపెనీ పుట్టింది 1926లో, వ్యవసాయ పనిముట్లు చేయడానికి. ఆ తర్వాత డచ్ బొగ్గు గనులకు ఉక్కు కట్టడాలు చేసింది. 1965 డిసెంబరులో డచ్ ప్రభుత్వం లింబర్గ్ ప్రాంతపు గనులన్నీ మూసేస్తామని ప్రకటించింది. 1974 ఆఖరుకల్లా మూసేసింది. గని పని పోయిన వెకోమా పైపుల తయారీకి మళ్లి, ఉక్కు గొట్టాలను వంచే ఆ నైపుణ్యంతోనే 1970లలో కోస్టర్ల పట్టాలలోకి దిగింది. బొగ్గు రోలర్ కోస్టర్‌ను రెండుసార్లు కన్నదని నేననేది అందుకే. ఇంకా లోతుకు పోతే, జర్మనీలోని ఫాంటసీయాలాండ్ పార్కు లిగ్నైట్ తవ్వేసిన నేల మీదే వెలిసింది. అక్కడ 1996లో వెకోమా కట్టిన కొలరాడో అడ్వెంచర్ గని బండి వేషంలోనే పరుగెత్తుతుంది.

వండర్‌లా లాంటి పార్కుకు ఒంటరిగా వెళ్లడం నాకిష్టం. పక్కన ఎవరైనా ఉంటే ఎక్కడమే పని. ఒక్కరమే ఉంటే కోస్టర్ కింద నిలబడి, అది ఎలా పని చేస్తుందో తెరవెనక సంగతి తీరిగ్గా చూడొచ్చు. రీకాయిల్ దగ్గర మొదట తాడును చూడండి. ఉక్కు తాడుకు తగిలించిన చిన్న బండి, ప్రయాణికుల బండిని పట్టుకుని వెనక్కి, 35 మీటర్ల గోపురం మీదికి లాగుతుంది. హాలేజ్ చేసేది ఇదే పని. వదలగానే బండి స్టేషన్ గుండా దూసుకుపోయి, మూడు సార్లు తలకిందులై, ఎదుటి గోపురం ఎక్కుతుంది. రాపిడికి పోయిన శక్తి వల్ల అది సొంతంగా శిఖరం చేరలేదు. అక్కడ గొలుసు అందుకుని పైకి లాగి, మళ్లీ వెనక్కి వదులుతుంది. 35 మీటర్ల నుంచి ఏదైనా స్వేచ్ఛగా పడితే గంటకు 94 కిలోమీటర్ల వేగం రావాలి. బండి వేగం మాత్రం 75 దగ్గరే ఉంటుంది. బండి పొడవైనది, దాని బరువులో సగం శిఖరానికి బాగా కిందే వేలాడుతుంది, పట్టా అడుగుభాగం కూడా నేలకు ఎత్తులో ఉంటుంది, ఆపై రాపిడి, గాలి. తేడా అంతా ఇక్కడే పోతుంది.

ఆ 75ను మన ఇంక్లైన్‌లో తాడు తెగిన టబ్బు వేగం 71 పక్కన పెట్టి చూడండి. గనిలో ఎవరూ చూడకూడదని కోరుకునే ప్రమాదం పార్కులో ప్రతి కొద్ది నిమిషాలకోసారి, క్షేమంగా జరుగుతోంది. ఆ క్షేమం ఊరికే రాలేదు. పొద్దున్నే గేటు తెరవకముందు బండిని ఖాళీగా తిప్పి చూస్తారు. చక్రాలు, బోల్టులు, తాడు, బ్రేకులు తనిఖీ చేస్తారు. హాలేజ్ తాడును చేత్తో తడిమి తెగిన పోగులు వెతికే మనిషి, కొక్కెం దగ్గర తాడు చివరను కోసి కొత్తగా బిగించే ఫిట్టర్ చేసిన పని కూడా అదే. పార్కు వాళ్లకు సేఫ్టీ ఇంజనీర్లని పేరుంది. బాయి వాళ్లు పేరు లేకుండానే రిటైరయ్యారు.

గోదావరిఖనిలో టబ్బుల కాలం దాదాపు అయిపోయింది. బొగ్గు ఎత్తిపోసే ఎస్‌డీఎల్ యంత్రాలు, కన్వేయర్ బెల్టులు వచ్చాయి; ఆడ్రియాల లాంగ్‌వాల్‌లో కోత యంత్రం బొగ్గు పొరను చెక్కి కన్వేయర్ మీదికి పంపుతుంది; ఓపెన్ కాస్టులలో డంపర్లు తిరుగుతున్నాయి. వాలు మీద మైళ్ల కొద్దీ నడిచే కార్మికులకు కుర్చీలు వేలాడదీసిన మ్యాన్ రైడింగ్ తాళ్లు పెట్టారు. ఇదంతా మంచికే. 2022 డిసెంబరులో ఆర్టీసీ, ఇక్కడి గనులు నడిపే సింగరేణి సంస్థ కలిసి సింగరేణి దర్శన్ పేరుతో యాత్ర మొదలుపెట్టి భూగర్భ గని, ఓపెన్ కాస్టు, జైపూర్ విద్యుత్ కేంద్రం చూపించే ఏర్పాటు చేయడం ఇంకా మంచిది. బయటివాళ్లు టోపీ లైటు పెట్టుకుని బాయి లోపలి చీకటిని చూస్తే, ఇంట్లో స్విచ్ వేసినప్పుడు వెలిగే దీపం ఎక్కడి నుంచి వస్తోందో తెలుస్తుంది.

అలాంటి యాత్రకు వెళ్లేవాళ్లు పెద్ద డంపర్ పక్కన ఫొటో దిగాక, హాలేజ్ గది ఎక్కడుందని కూడా అడగండి. స్టాప్ బ్లాక్ చూపించమనండి, బ్యాక్ స్టే ఎలా వేలాడుతుందో అడగండి. సింగరేణి యాజమాన్యానికి నా విన్నపం ఒకటే: మూతపడే ఇంక్లైన్‌లలో ఒకదాన్ని ఎంచుకుని, హాలేజ్ ఇంజనుతో, తాడుతో, టబ్బుల వరుసతో, తిప్పి చూపించగలిగే స్థితిలో నిలపండి. మాక్ చంక్ పట్టాలు తుక్కుకు పోయాక అమెరికా వాళ్లకు మిగిలింది ఫొటోలూ, కొండ మీద ఆ దారి ఆనవాళ్లూ. మన దగ్గర యంత్రాన్ని నడిపిన ఆపరేటర్లు, ట్రామర్లు ఇంకా గోదావరిఖని కాలనీల్లోనే ఉన్నారు. దాన్ని తిప్పి చూపించి, పిల్లలకు వివరించే పని వాళ్లకే అప్పగించండి.