వేదిక దిగి వలయంలో కూర్చున్న పాట

‘షకలక బేబీ’ పాట గుర్తుందా? 1999లో శంకర్ తీసిన ‘ముదల్వన్’లోది. ఆ సినిమా మనకు ‘ఒకే ఒక్కడు’గా వచ్చింది. ఆ పాటతో సినిమా రంగంలో అడుగుపెట్టిన గాయని వసుంధరా దాస్ బెంగళూరు అమ్మాయి. మరుసటి ఏడాదే ‘హే రామ్’లో కమల్ హాసన్ భార్య మైథిలిగా తెర మీదికి వచ్చారు. 2001లో వెనిస్ చలనచిత్రోత్సవంలో ‘గోల్డెన్ లయన్’ గెలుచుకున్న మీరా నాయర్ సినిమా ‘మాన్‌సూన్ వెడ్డింగ్’లో పెళ్లికూతురూ ఈవిడే.

అదే ఏడాది వచ్చిన ‘లగాన్’లో ఆమె పాడారని చాలామందికి తెలియదు. కథానాయకుడు భువన్‌ని ప్రేమించిన దొరసాని తనలో తాను ఇంగ్లీషులో పాడుకునే చరణాలు ‘ఓ రీ ఛోరీ’ పాటలో ఉన్నాయి కదా! తెర మీద రేచల్ షెల్లీ, వెనక గొంతు వసుంధరది. ‘కల్ హో న హో’లో డిస్కో పాట, ‘మై హూ నా’లో ‘చలే జైసే హవాయే’ కూడా ఆవిడ పాడినవే. పార్టీ పాట అంటే ముందు ఆమె పేరే తలచుకునే రోజులవి.

ఆ గాయని తర్వాత డప్పుల మధ్యకు వెళ్లి కూర్చున్నారు. డ్రమ్మర్ రొబెర్టో నరైన్‌తో కలిసి ‘డ్రమ్‌జామ్’ మొదలుపెట్టారు. ఇందులో ప్రేక్షకులంటూ ఉండరు. కుర్చీలు గుండ్రంగా వేస్తారు. వచ్చిన ప్రతివాళ్ల చేతికీ ఒక వాయిద్యం ఇస్తారు. ఎక్కువగా ‘జెంబే’ ఇస్తారు. పశ్చిమ ఆఫ్రికాకు చెందిన ఈ వాయిద్యాన్ని చెక్కలో తొలిచి, మేకతోలు బిగించి, చుట్టూ తాళ్లతో లాగి కడతారు. మోకాళ్ల మధ్య పెట్టుకుని ఒట్టి చేతులతో వాయించాలి. అరచేతితో నడిమధ్య కొడితే గుమ్మని మోగుతుంది, వేళ్లతో అంచున కొడితే ఖంగుమంటుంది. ఈ రెండూ పట్టుబడటానికి ఎక్కువసేపు పట్టదు. వలయం మధ్యలో నిలబడ్డవాళ్లు ఒక దరువు వేస్తే అందరూ అదే దరువు తిరిగి వేస్తారు. చెయ్యి పైకెత్తితే జోరు పెరుగుతుంది, పిడికిలి బిగిస్తే అందరూ ఒక్కసారిగా ఆగిపోతారు. ఇది తెలుగువాళ్లకు కొత్త కాదు. తోలును మంట దగ్గర కాచి బిగువెక్కించి, చిర్రా సిటికెన పుల్లా పట్టుకుని వలయం కట్టే మన డప్పు కళాకారులకు ఈ విద్య తాతల నాటిది. పదిమంది కలిసి ఒకే లయలో పడితే మనసు తేలికవుతుందని వాళ్లకు ఎవరూ నేర్పక్కర్లేదు.

ఈ వలయం పద్ధతి ప్రపంచానికి పాకడం వెనక ఒక నైజీరియా మనిషి ఉన్నాడు. చదువు కోసం అమెరికా వెళ్లిన బాబాతుండే ఒలాతుంజి 1960లో ‘డ్రమ్స్ ఆఫ్ ప్యాషన్’ అనే రికార్డుతో ఆఫ్రికా దరువును అక్కడి ఇళ్లలోకి తీసుకెళ్లాడు. ‘గ్రేట్‌ఫుల్ డెడ్’ రాక్ బృందం డ్రమ్మర్ మికీ హార్ట్ 1991లో అమెరికా సెనేట్ కమిటీ ముందుకు వెళ్లి, ముసలివాళ్లకు డ్రమ్ము వాయించడం ఎంత మేలు చేస్తుందో వివరించాడు. 2001లో బారీ బిట్‌మన్ అనే న్యూరాలజిస్టు బృందం 111 మంది ఆరోగ్యవంతుల మీద ప్రయోగం చేసింది. గుంపుగా డ్రమ్ము వాయించినవాళ్ల రక్తంలో రోగనిరోధక కణాల చురుకు పెరిగినట్టు గమనించింది. చిన్న అధ్యయనమే, దాన్ని పట్టుకుని జబ్బులు నయమవుతాయని చెప్పలేం. అయినా పేజీలకు పేజీలు రాసేవాళ్ల కంటే రక్తం తీసి పరీక్షించినవాళ్ల మీద నాకు గౌరవం ఎక్కువ.

ఆ గౌరవం బెంగళూరులోని మానసిక, నాడీ వైద్య సంస్థ నిమ్హాన్స్ మీదా ఉంది. ఓంకారం పలికితే మెదడులో ఏం జరుగుతుందో చూద్దామని అక్కడి వైద్యులు 12 మంది ఆరోగ్యవంతులను ఎఫ్ఎంఆర్ఐ యంత్రంలో పడుకోబెట్టారు. పోలిక కోసం అదే మనుషుల చేత ‘స్‌స్‌స్’ అని కూడా అనిపించారు. ఈ ఏర్పాటు నాకు ఎంతో నచ్చింది. గాలి ఎలాగూ రెండింటిలోనూ బయటికి పోతుంది, మరి తేడా ఎక్కడుందో తేల్చాలి కదా! ‘ఓం’ అన్నప్పుడు భయానికీ ఆవేశానికీ సంబంధించిన మెదడు భాగాలు నెమ్మదించాయి, ‘స్‌స్‌స్’ అన్నప్పుడు అలా జరగలేదు. 2011లో అచ్చయిన ఈ పరిశోధనను వాళ్లు తొలి ప్రయత్నమనే రాసుకున్నారు. పాటతో ఊరట ఇస్తామనే వాళ్లెవరైనా ఈ నిజాయితీ నేర్చుకోవాలి. పాడించండి, ఊపిరి పట్టించండి, కానీ డాక్టరు ఇచ్చిన మాత్రలు మానమని మాత్రం చెప్పకండి.

బెంగళూరులోనే దంతవైద్యం చదివి, పళ్ల జోలికి వెళ్లకుండా పాటల్లోకి వచ్చిన మనిషి రికీ కేజ్. వేల ప్రకటనలకు జింగిల్స్ కట్టాడు. దక్షిణాఫ్రికా వేణు కళాకారుడు వౌటర్ కెల్లర్‌మన్‌తో చేసిన ‘విండ్స్ ఆఫ్ సంసార’కు 2015లో న్యూ ఏజ్ విభాగంలో గ్రామీ వచ్చింది. 2022లో, 2023లో మరో రెండు.

ఇక బెంగళూరులోని వైట్‌ఫీల్డ్ వైపు వెళ్దాం. ఐటీ కంపెనీలు రాకముందు ఆ ఊరి పేరు మనవాళ్లకు తెలిసింది సత్యసాయి బాబా బృందావనం ఆశ్రమం వల్ల. ఆయన భక్తుల్లో లండన్ పాప్, బ్లూస్ గాయని డానా గిలెస్పీ ఒకరు. 1972లో లండన్‌లో ‘జీసస్ క్రైస్ట్ సూపర్‌స్టార్’ నాటకం మొదలైనప్పుడు మేరీ మాగ్డలీన్ పాత్రధారిణి ఆమే. డేవిడ్ బోవీకి చిన్ననాటి స్నేహితురాలు. తర్వాత సంస్కృత భజనలు నేర్చి ‘థర్డ్ మ్యాన్’ పేరుతో ఆల్బమ్‌లు చేశారు. 1995లో పుట్టపర్తిలో బాబా 70వ పుట్టినరోజు వేడుకల్లోనూ పాడారు. బ్లూస్‌ను వదల్లేదు, రెండూ సాగించారు.

హార్డ్ రాక్ కఫే గోడల మీద ‘అందరినీ ప్రేమించు, అందరినీ సేవించు’ అనే అర్థంలో ఇంగ్లీషు మాట ఒకటి ఉంటుంది. అది బాబా సూక్తి. 1971లో లండన్‌లో ఆ కఫేను పెట్టిన ఇద్దరిలో ఒకరైన ఐజాక్ టిగ్రెట్ ఆయన భక్తుడు. తన వాటా అమ్మగా వచ్చిన సొమ్ములో పెద్ద భాగాన్ని పుట్టపర్తి సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రికి ఇచ్చాడు. 1991 నవంబరు 22న దాన్ని ప్రారంభించింది మన పి.వి. నరసింహారావు. దాని తోబుట్టువు లాంటి వైట్‌ఫీల్డ్ ఆసుపత్రిని 2001 జనవరిలో వాజ్‌పేయి ప్రారంభించారు. రెండుచోట్లా రోగుల దగ్గర పైసా తీసుకోరు. గిటార్లు గోడకు తగిలించి అన్నం అమ్మిన డబ్బు గుండె ఆపరేషన్లకు చేరింది. ఈ వరసలో నన్ను అన్నిటికంటే కదిలించేది ఇదే.

బయటి నుంచి ఇటు చూసిన సంగీతకారులు ఇంకా ఉన్నారు. కెనడా ట్రంపెట్ వీరుడు మేనార్డ్ ఫెర్గూసన్ మదనపల్లె దగ్గరి రిషివ్యాలీ బడిలో కొంతకాలం పాఠాలు చెప్పాడు. 1970 నాటి అతని ఆల్బమ్‌లో ఒక పాట పేరు ‘చలనాట’. మన రాగమే!

డెట్రాయిట్ చర్చిల్లో ఆర్గాన్ వాయిస్తూ పెరిగిన ఆలిస్ కోల్ట్రేన్‌ది ఇంకో కథ. 1967లో భర్త, సాక్సఫోన్ మహావిద్వాంసుడు జాన్ కోల్ట్రేన్ పోయాక నిద్ర, తిండి లేక చిక్కిపోయారు. యోగ గురువు స్వామి సచ్చిదానంద దగ్గర ఊరట దొరికింది. 1983లో కాలిఫోర్నియా కొండల్లో ఆశ్రమం కట్టి, ‘స్వామిని తురీయసంగీతానంద’ అనే పేరుతో భజనలు పాడించారు. ఆ పాటల క్యాసెట్లు ఆశ్రమం గడప దాటేవి కావు. ఆవిడ 2007లో కన్నుమూశాక పదేళ్లకు గానీ బయటి ప్రపంచం వాటిని సరిగ్గా వినలేదు. 2018 కార్చిచ్చులో ఆశ్రమం కాలిపోయింది.

మళ్లీ మన దేశానికి వస్తే, ముంబయి పాప్ గాయని రాగేశ్వరికి 2000లో ముఖం ఒక పక్క పక్షవాతం వచ్చింది. గొంతే జీవనాధారమైన మనిషికి అంతకంటే పెద్ద దెబ్బ ఉండదు. చికిత్సతో పాటు యోగా సాధన చేసి కోలుకున్నారు. ఇప్పుడు మనసును నిలుపుకోవడం గురించి ప్రసంగాలు చేస్తారు, పుస్తకాలు రాస్తారు.

మైసూరు గణపతి సచ్చిదానంద స్వామిది ఎదురు దారి. ముందు స్వామి, తర్వాత కచేరీ. సింథసైజర్ మీద రాగాలు వాయిస్తూ ‘నాద చికిత్స’ పేరుతో ప్రపంచమంతా తిరిగారు. లండన్ రాయల్ ఆల్బర్ట్ హాలు, సిడ్నీ ఒపెరా హౌస్ ఆ కచేరీలకు వేదికలయ్యాయి. తెలుగులో ఆయన కట్టిన భజనలను విజయవాడ ఆశ్రమంలో ఇప్పటికీ పాడుకుంటారు.