నాందేడు నుంచి హైదరాబాదు ఎంత దూరం?

నాందేడులో తరతరాలుగా స్థిరపడిన మన తెలుగు కుటుంబాలలో ఈ ప్రశ్న తరచు వస్తూనే ఉంటుంది. ముహూర్తం వేళకు పెళ్ళిపందిట్లో ఉండాలన్నా, ఆసుపత్రిలో ఉన్న పెద్దవారిని కళ్ళారా చూడాలన్నా, ముందుగా అడిగేది ఎన్ని గంటలకు చేరతామనే.

ఒకప్పుడు హైదరాబాదే మనకు రాజధాని. 1956 నవంబరు 1న ఆ రాష్ట్రం విడిపోయి మన జిల్లా బొంబాయి రాష్ట్రంలో చేరింది. 1960 మే 1 నుంచి మహారాష్ట్రలో ఉన్నది. రాజధాని మారింది గాని వియ్యంకులు, దాయాదులు ఉన్న ఊళ్ళు మారలేదు. ధర్మాబాదు దాటితే బాసర, ఆపైన నిజామాబాదు. ఈ దారిన సికింద్రాబాదు నుంచి మన్మాడుకు మీటరుగేజి రైలు పడింది నిజాం ప్రభువుల కాలంలో, 1900 ప్రాంతాన. తరువాత అది బ్రాడ్‌గేజి అయింది. సికింద్రాబాదుకు రైలుదారి సుమారు 275 కిలోమీటర్లు. ప్రయాణం అయిదారు గంటలు.

మరి విమానంలోనో? రెండు విమానాశ్రయాల మధ్య సూటిగా కొలిస్తే దాదాపు 245 కిలోమీటర్లు. గంటకు 500 కిలోమీటర్ల వేగమైతే అరగంట చాలాలి గదా అనిపిస్తుంది. కాని విమానం నేలమీద నడిచి, పైకెక్కి, మళ్ళీ నెమ్మదిగా దిగాలి. అందుకే కాలపట్టికలో సుమారు గంట వేస్తారు. దానికి ముందు విమానాశ్రయంలో గంటన్నర, రెండు గంటలు నిరీక్షణ. దిగాక శంషాబాదు నుంచి నగరంలోకి మరో గంట. ఇంటి గుమ్మం నుంచి ఇంటి గుమ్మానికి లెక్కిస్తే రైలుకన్నా మిగిలేది గంటో, రెండు గంటలో! రైలు ఊరి నడుమనే దింపుతుంది, సామాను తూచదు.

అమృతసర్ సంగతి వేరు. గురు గోవింద్ సింగు 1708లో మన ఊళ్ళోనే దేహం చాలించారు; ఆ గురుద్వారా మూలంగా ఈ రెండు నగరాల మధ్య రాకపోకలు ఎక్కువ. సచ్‌ఖండ్ ఎక్స్‌ప్రెస్ ముందు పడమరగా మన్మాడు పోయి, భూపాల్, ఢిల్లీల మీదుగా రెండువేల కిలోమీటర్లకు పైగా తిరిగి వెళుతుంది. ముప్పై గంటలు దాటుతుంది. ఆకాశంలో సూటిగా 1,400 కిలోమీటర్లే. నేరుగా ఎగిరితే రెండు గంటల పైచిలుకు. ఇక్కడ మిగిలేది ఒక రోజు. దూరం పెరిగినకొద్దీ విమానం విలువ పెరుగుతుందన్నమాట.

మరొక విషయం గమనించాలి. 2017 ఏప్రిల్ 27న ఉడాన్ పథకం కింద నాందేడు–హైదరాబాదు ట్రూజెట్ విమానం మొదలైంది. గంట ప్రయాణానికి సగం సీట్లపై 2,500 రూపాయల పరిమితి పెట్టారు. ఆ సంస్థ 2022లో ఎగరడం మానింది. 2024లో స్టార్ ఎయిర్ వచ్చింది. చిన్న ఊళ్ళ విమానాలు ఇలా వస్తూ పోతూ ఉంటాయి. సంస్థ ఆగిననాడు ఆ ఒక్క గంట దూరం మళ్ళీ అయిదారు గంటలు అవుతుంది.

కనుక శుభకార్యమైతే విమానం ఆ రోజున ఉన్నదో లేదో ముందే విచారించుకోండి. కబురు అందిన వెంటనే బయలుదేరవలసి వస్తే, విమానం కోసం మరునాటిదాకా ఆగకండి. ముందు దొరికిన రైలెక్కండి. మన పెద్దలు ఆపదలకూ, ఆనందాలకూ ఆ దారినే వెళ్ళివచ్చారు.